జంషెడ్‌పూర్ వీధుల ఖర్చు ఎవరిది?

ఇంటిపన్ను కట్టకుండానే మంచి రోడ్ల మీద నడిచిన ఊరు ఒకటి మన దేశంలో ఉన్నది. ఆ రోడ్లకు వెల ఎవరు చెల్లించారు, ఇకమీదట ఎవరు చెల్లించాలి అన్న వాదం అక్కడ ముప్పయ్యేళ్లకు పైబడి నడుస్తున్నది.

సాక్చీ నుంచి సువర్ణరేఖ మీది వంతెన దాటి మాంగోలో అడుగుపెట్టే బాటసారి కంటికి నది ఒక్కటే కనబడుతుంది. కాని ఆ వంతెన కింద నీటితోపాటు ఒక పరిపాలనా సరిహద్దు కూడా సాగిపోతున్నది. ఈ ఒడ్డున వీధిదీపం ఆరిపోతే ఇంటాయన కంపెనీకి ఫిర్యాదు చేస్తాడు. ఆ ఒడ్డున ఆరిపోతే నగరపాలక సంస్థ కార్యాలయానికి వెళతాడు. ఈ ఒడ్డున రోడ్డు గుంట పడితే పూడ్చవలసిన బాధ్యత ఒక ఉక్కు కర్మాగారపు అనుబంధ సంస్థది. ఆ ఒడ్డున అదే గుంట పూడ్చడానికి టెండరు పిలవాలి, నిధి మంజూరు కావాలి, ఆ నిధిలో కొంత భాగం ఇళ్ల వారు కట్టే పన్నులోంచి రావాలి. మట్టి ఒకటే, వాన ఒకటే, తారు ఒకటే. వేరైనదల్లా ఖర్చు వ్రాసుకునే ఖాతా పుస్తకం.

జంషెడ్‌పూర్ అని దేశమంతా పిలిచే ఆ పట్టణ సముదాయంలో 2011 జనాభా లెక్కల ప్రకారం 13 లక్షలకు పైగా జనం ఉన్నారు. అందులో మాంగో ఒక్కటే 2 లక్షల 23 వేల పైచిలుకు. రైలు స్టేషను పక్కనున్న జుగ్‌సలాయికి ఎప్పటి నుంచో సొంత పురపాలక సంఘం ఉన్నది. ఖర్కాయి నదికి అవతల ఆదిత్యపూర్ మరొక నగరపాలక సంస్థ. వీటన్నిటి నడుమ ఉన్న అసలు ఊరికి మాత్రం, పది లక్షల జనాభా దాటిన సముదాయానికి గుండెకాయ అయి ఉండి కూడా, ఓటు వేసి ఎన్నుకున్న పాలకమండలి అంటూ లేకుండా ఒక శతాబ్దం గడిచిపోయింది.

ఊరికంటె ముందు వీధి

ఈ విచిత్రం ఎలా వచ్చిందో తెలియాలంటే 1902 దాకా వెనక్కి వెళ్లాలి. ఆ ఏడు జంషెడ్జీ టాటా విదేశంలో ఉండి కుమారుడు దొరాబ్జీకి ఒక ఉత్తరం వ్రాశాడు. అప్పటికి కర్మాగారానికి స్థలమైనా నిశ్చయం కాలేదు. అయినా ఆయన మనసు వీధుల మీదికి పోయింది. కార్మికుల పట్టణంలో వీధులు వెడల్పుగా ఉండాలని, వాటి వెంట త్వరగా ఎదిగే నీడచెట్లు నాటాలని, పచ్చిక బయళ్లకు, ఆటస్థలాలకు, అన్ని మతాల వారి ప్రార్థనా మందిరాలకు చోటు విడిచిపెట్టాలని కోరాడు. రెండేళ్లకు ఆయన కన్నుమూశాడు. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట సాక్చీ అనే పల్లె దగ్గర అడవి కొట్టి కర్మాగారం కట్టారు. 1911లో ఇనుము, 1912లో ఉక్కు దిగింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఇక్కడి పట్టాలు మెసపొటేమియా దాకా వెళ్లాయి. ఆ ఉపకారానికి గుర్తుగా 1919 జనవరిలో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాలీమాటి స్టేషను టాటానగర్ అయింది.

పేరు మారినంత తేలికగా ఊరు అమరలేదు. 1911లో 5,672 మంది ఉన్నచోట 1921 నాటికి 57,360 మంది చేరారు. పదేళ్లలో పదింతలు! పిట్స్‌బర్గ్ ఇంజనీర్లు కెన్నెడీ, సాలిన్ గీసిన తొలి పట్టణ పటం ఈ జనాన్ని ఊహించినది కాదు. అప్పుడు బీహారు, ఒరిస్సా ప్రభుత్వంలో ఆరోగ్య విభాగపు ఇంజనీరుగా పనిచేస్తున్న ఎఫ్.సి. టెంపుల్ అనే ఆయన చేతిలో పని పెట్టారు. టెంపుల్ గొప్పతనమంతా నేల వాలును గౌరవించడంలో ఉంది. గీత బద్దతో తిన్నగా గీసిన వీధికంటె వాననీరు తనంతట తాను జారిపోయే వీధి చవక అని ఆయనకు తెలుసు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని రోడ్డు పని చేసిన ఏ మేస్త్రీని అడిగినా ఒకే మాట చెబుతాడు: బండి చక్రం రోడ్డును అరగదీస్తుంది, నిలిచిన నీరు రోడ్డును చంపుతుంది. కాలువ లేని వీధికి తారు పోయడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

తరువాత 1930లలో మేజర్ స్టోక్స్, 1944–45లలో మైసూరు సంస్థానంలో వాస్తుశిల్పిగా ఉన్న జర్మన్ దేశీయుడు ఆటో కోనిగ్స్‌బెర్గర్ మరి రెండు ప్రణాళికలు తయారుచేశారు. ఊరిని చిన్న చిన్న పేటలుగా విడగొట్టి, పెద్ద రాకపోకలు పేట నడుమ నుంచి పోకుండా అంచుల వెంట పోయేటట్లు చేయాలన్నది కోనిగ్స్‌బెర్గర్ ఆలోచన. పిల్లవాడు బడికి వెళ్లే దారిలో లారీ ఎదురు కాకూడదన్న మాట.

ఈ ప్రణాళికల్లో దేనికీ ఊరి వాళ్ల నుంచి చందా అడగలేదు. ఎందుకంటే ఆనాటి కంపెనీ లెక్కలో వీధి దానధర్మం కాదు, మూలధనం. అడవి నడుమ కొలిమి దగ్గర పనిచేయడానికి మనిషి రావాలి, వచ్చినవాడు మలేరియాతోనో కలరాతోనో మంచాన పడకూడదు, మరుసటి పూట షిఫ్టుకు వేళకు చేరాలి. కాలువ, కుళాయి, రోడ్డు ఈ మూడూ లేకపోతే ఉక్కు లేదు. కొలిమికి బొగ్గు ఎంత అవసరమో కార్మికునికి వీధి అంత అవసరమని గ్రహించిన యజమానికి దాని ఖర్చు ఎవరి మీద వేయాలన్న ప్రశ్నే పుట్టలేదు. 1924లో నోటిఫైడ్ ఏరియా కమిటీ అనే ప్రభుత్వ సంస్థ ఒకటి వెలసింది గాని, దాని సభ్యులు నియమితులే, ఎన్నికైనవారు కారు. ఊరి నిజమైన గృహయజమాని కంపెనీయే.

తెలుగువారికి తెలిసిన ఊరు

మన పాఠకులకు ఈ ఊరు పూర్తిగా పరాయిది కాదు. బెంగాల్ నాగపూర్ రైలుమార్గం వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తరతరాలుగా తెలుగు కుటుంబాలు ఇక్కడికి వలస వచ్చాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం, కద్మాలోని ఆంధ్ర అసోసియేషన్ ఆ వలసకు నిలువెత్తు గుర్తులు. కొలిమి పనికి వచ్చిన తాత, ఆఫీసు గుమాస్తా అయిన కొడుకు, ఇంజనీరు అయిన మనుమడు కంపెనీ క్వార్టర్లలోనే పెరిగిన ఇళ్లు ఎన్నో. సెలవులకు సొంత ఊరు వెళ్లినప్పుడు అక్కడి బంధువులు మునిసిపాలిటీకి ఇంటిపన్ను, నీటిపన్ను కట్టి కూడా వీధి కుళాయి దగ్గర బిందెల వరుసలో నిలబడటం చూసి ఈ కుటుంబాలు ఆశ్చర్యపడేవి. బంధువులకేమో, పన్ను లేని ఊళ్లో తలుపు ముందు శుభ్రమైన రోడ్డు ఉండటం మరింత ఆశ్చర్యం. ఎవరి ఆశ్చర్యం వారిది. ఇద్దరిలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. రేపు కంపెనీ ఆ రోడ్డు వేయనంటే ఎవరిని అడగాలి?

జమీందారీ పోయింది, కంపెనీ నిలిచింది

చట్టం ఆ ప్రశ్నను ముందే అడిగింది. 1950 నాటి బీహారు భూసంస్కరణల చట్టం జమీందారీలను రద్దు చేసింది. ఊరి నేల మీద కంపెనీకి ఉన్న హక్కు కూడా ఒక విధమైన జమీందారీయే కనుక అది 1956 జనవరి 1 నుంచి ప్రభుత్వపరం అయింది. నేల ప్రభుత్వానిది, దాని మీద ఊరు కంపెనీది! ఈ చిక్కును విప్పడానికి దాదాపు ముప్పయ్యేళ్లు పట్టింది. 1985లో కౌలు ఒప్పందం కుదిరి, 1956 నుంచే లెక్కగట్టి 40 ఏళ్లకు వర్తింపజేశారు. కాగితం మీద సంతకాలు ఆరేసరికి గడువులో మూడు వంతులు అయిపోయింది. 1995తో అది ముగిసింది. ఆలోగా బీహారు రెండు రాష్ట్రాలై, 2000లో జార్ఖండ్ ఏర్పడింది. 2005 ఆగస్టులో కొత్త ప్రభుత్వం కౌలును 1996 నుంచి 30 ఏళ్లకు, అంటే 2025 డిసెంబరు 31 దాకా, పునరుద్ధరించింది. కౌలునేల మీది పౌర సౌకర్యాల బాధ్యత కంపెనీది.

ఈ రెండవ ఒప్పందంలో ఒక మెలిక ఉంది. దశాబ్దాలుగా కంపెనీ నేలలో గుడిసెలతో మొదలై పక్కా ఇళ్లుగా మారిన 86 బస్తీలను కౌలు పరిధి నుంచి తప్పించారు. బస్తీల వాళ్లు మొదట సంతోషించారు, కంపెనీ ఖాళీ చేయిస్తుందన్న భయం తీరింది గనుక. కాని ఇంటి కింది నేలకు పట్టా చేతికి రాలేదు. కంపెనీ బాధ్యత నుంచి తప్పుకున్న నేలలో రోడ్డు వేసే బాధ్యత ఎవరిది? నోటిఫైడ్ ఏరియా కమిటీ, శాసనసభ్యుని నిధి, ఎన్నికల వేళ ఇచ్చే మాట, వీటి మధ్య బస్తీ వీధి బంతిలా తిరగసాగింది. జంషెడ్‌పూర్ రోడ్ల కథలో నిజంగా నొప్పి ఉన్నది ఇక్కడే. కంపెనీ క్వార్టర్ల వాడు సౌకర్యం ఉండి ఓటు లేదని బాధపడతాడు. మాంగో వాడు పన్ను కట్టి సౌకర్యం చాలదని బాధపడతాడు. బస్తీ వాడికి పన్ను కట్టి అడుగుదామన్నా, కట్టవలసిన నేల అతని పేర లేదు.

కోర్టు మెట్లమీద వీధి

1988లో పౌరుడొకడు సుప్రీంకోర్టులో ప్రజాహిత వ్యాజ్యం వేశాడు. లక్షలాది జనమున్న ఊరికి ఎన్నికైన పురపాలక సంఘం ఎందుకు లేదన్నది అతని ప్రశ్న. మరుసటి ఏడు న్యాయస్థానం అందుకు తగిన చర్య మొదలుపెట్టమని ప్రభుత్వానికి చెప్పింది. ప్రభుత్వం ప్రకటన జారీచేసింది, అభ్యంతరాలు వచ్చాయి, పని ఆగింది. ఈ క్రమమే తరువాత రెండు మూడు పర్యాయాలు పునరావృతమైంది.

ఈలోగా రాజ్యాంగమే మారింది. 1993లో అమలులోకి వచ్చిన 74వ సవరణ పట్టణాలకు ఎన్నికైన పాలకమండలులు తప్పనిసరి చేసింది. రోడ్లు, వంతెనలు పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనుల జాబితాలో చేరాయి. కాని ఆ సవరణలోనే ఒక చిన్న తలుపు తెరిచి ఉంచారు. ఏదైనా పట్టణంలో పారిశ్రామిక సంస్థయే పౌర సేవలు అందిస్తూ ఉంటే, లేదా అందించడానికి సిద్ధపడితే, గవర్నరు దానిని పారిశ్రామిక పట్టణంగా ప్రకటించవచ్చు. అక్కడ పురపాలక సంఘం ఏర్పడనక్కరలేదు. ఆ కొద్ది మాటలు దేశమంతటిలో జంషెడ్‌పూర్‌కు సరిపోయినట్లు మరొక ఊరికి సరిపోవు. 2005లో జార్ఖండ్ ప్రభుత్వం నగరపాలక సంస్థ ఏర్పాటుకు సంకల్పించినప్పుడు కంపెనీ కాదన్నది. అంతకంటె వింత, ఊళ్లో చాలామంది కూడా కాదన్నారు! చివరకు 2023 డిసెంబరులో ప్రభుత్వం ఆ తలుపులోంచే లోపలికి నడిచి జంషెడ్‌పూర్‌ను పారిశ్రామిక పట్టణంగా ప్రకటించింది. దానిమీద మళ్లీ న్యాయపోరాటం మొదలైంది.

వద్దన్నవారి లెక్క

ఓటు వద్దనే పౌరులు ఉంటారా అని రాజనీతి పండితులు విస్తుపోవచ్చు. కాని గృహిణి వేసుకునే లెక్కలో విస్తుపోవలసినది లేదు. మన ఇతర పట్టణాల్లో రోడ్డు ఒక శాఖది, నీటి గొట్టం మరొక శాఖది, విద్యుత్ తీగ మూడవ వారిది, టెలిఫోను కేబులు నాలుగవ వారిది. సోమవారం తారు పోస్తారు, గురువారం గొట్టం కోసం తవ్వుతారు. అతుకు వేసిన చోట మొదటి వానకే గుంట పడుతుంది. జంషెడ్‌పూర్‌లో రోడ్డు, నీరు, మురుగు, కరెంటు అన్నీ ఒకే ఇంటి పెత్తనం. 2003లో కంపెనీ ఈ పనుల కోసం జస్కో అనే ప్రత్యేక సంస్థను ఏర్పరచింది. అది ఇప్పుడు టాటా స్టీల్ పేరుతోనే కొనసాగుతున్నది. ఒకే చెయ్యి తవ్వి, ఒకే చెయ్యి పూడ్చితే ఒకసారి తవ్వితే చాలు. ఎన్నో చోట్ల రోడ్డు ఖర్చులో వృథా అయ్యేది తారు నాణ్యం వల్ల కంటె ఈ తవ్వుడు వల్లనే ఎక్కువ. ఈ సంగతి గమనించిన ఇల్లాలు ఎన్నికల బ్యాలెట్‌కంటె మూసిన గొయ్యినే ఎంచుకున్నదంటే ఆమెను తప్పు పట్టడం కష్టం.

అయితే ఆ లెక్కలో ఒక పద్దు చేరలేదు. 2005 డిసెంబరులో కేంద్రం జవహర్‌లాల్ నెహ్రూ పేర పట్టణ నవీకరణ పథకం ప్రారంభించింది. ఎంపిక చేసిన నగరాల్లో జంషెడ్‌పూర్ కూడా ఉన్నది. నిధులు కావాలంటే 74వ సవరణను అమలుచేయాలన్నది పథకపు షరతుల్లో ఒకటి. 15వ ఆర్థిక సంఘం మరొక అడుగు వేసి, పట్టణాలకు గ్రాంటు ఇవ్వాలంటే రాష్ట్రం ఆస్తిపన్నుకు కనీస రేట్లు ప్రకటించాలన్నది. అనగా పన్ను లేకపోవడం, ఎన్నిక లేకపోవడం ఇప్పుడు ఉచిత సౌఖ్యాలు కావు. అవి పోగొట్టుకునే నిధుల రూపంలో ధర పలుకుతున్నాయి. ఆ ధర కంపెనీ క్వార్టర్ల మీదకంటె బస్తీల మీద ఎక్కువ పడుతుందన్న సంగతి చర్చావేదికల మీద అరుదుగా వినబడుతుంది.

జస్కో అనుభవం మరొకటి చెప్పుకోదగినది. తన ఊళ్లో నీటి సరఫరాకు పేరు తెచ్చుకున్న ఆ సంస్థ 2008లో మైసూరు నగరపు నీటి పంపిణీ పనికి ఒప్పుకున్నది. అక్కడ నేల తనది కాదు, గొట్టాలు తనవి కావు, పైన ప్రశ్నించే కార్పొరేటర్లు ఉన్నారు. పని ఆలస్యమై విమర్శలు చెలరేగాయి. నైపుణ్యం అదే, ఊరిమీద పెత్తనం లేనిచోట అది నడిచే తీరు వేరు.

నలభై ఇళ్ల వీధి

కంపెనీని కాసేపు పక్కన పెట్టి, ఖర్చును వీధి వారే పంచుకోవలసి వస్తే ఏమవుతుందో చూద్దాం. నలభై ఇళ్ల వీధి ఒకటి ఊహించుకోండి. కాలువతో సహా సిమెంటు రోడ్డు వేయాలి. సమానంగా పంచుదామంటే మూల మీద మూడంతస్తుల మేడ కట్టి కింద దుకాణాలు అద్దెకిచ్చిన ఆసామీ, వెనుక ఒంటిగదిలో పింఛనుతో బతికే వృద్ధురాలు ఒకే మొత్తం కట్టాలి. వీధి వైపు గోడ పొడవును బట్టి పంచుదామంటే రెండు వీధుల మూలన ఉన్న చిన్న ఇంటివాడు రెట్టింపు కడతాడు. అమెరికాలో చాలా ఊళ్లలో ఈ గోడ పొడవు పద్ధతి వాడుకలో ఉంది. ఇంటి విలువను బట్టి పంచుదామంటే విలువ ఎవరు కట్టాలి? ఆంధ్రప్రదేశ్ 2021లో అద్దె విలువ వదిలి మూలధన విలువ మీద ఆస్తిపన్ను లెక్క కట్టడం మొదలుపెట్టినప్పుడు ఎంత రగడ జరిగిందో మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. స్థలాల క్రమబద్ధీకరణ సమయంలో అభివృద్ధి రుసుము కట్టిన హైదరాబాదు శివారు వాసిని అడిగితే, కట్టిన డబ్బు తన వీధికే వచ్చిందా, పక్క కాలనీకి పోయిందా అన్న అనుమానం నేటికీ తీరలేదంటాడు.

ఆ అనుమానమే అసలు అడ్డంకి. మనవాళ్లు ఖర్చు పెట్టడానికి ఇష్టపడరన్న అభిప్రాయం సరి కాదు. పెట్టిన రూపాయి కళ్లెదుట కనబడితే పెడతారు. చెన్నై పక్కన ఆలందూరు అనే పురపాలక సంఘం ఉండేది. 2011లో అది చెన్నై నగరపాలక సంస్థలో కలిసింది. 1990ల చివర అక్కడ భూగర్భ మురుగునీటి వ్యవస్థ కట్టాలనుకున్నారు. ప్రభుత్వం పెట్టే డబ్బు, అప్పు పోగా మిగిలినదానికి ఇంటింటికీ తిరిగి, ఒక్కొక్క ఇంటికి 5,000 రూపాయలు, వ్యాపార కట్టడానికి 10,000 రూపాయలు ముందుగానే వసూలు చేశారు. గొయ్యి తవ్వక ముందే చేతిలో డబ్బు! నెలనెలా ఇంటికి 150 రూపాయల రుసుముకు కూడా జనం ఒప్పుకున్నారు. ఆ కాలంలో 5,000 రూపాయలు మధ్యతరగతికి చిన్న మొత్తం కాదు. వీధి వీధికీ సభలు పెట్టి, ఎవరి ఇంటికి ఎప్పుడు గొట్టం వస్తుందో ముందే చెప్పడం వల్లనే అది సాధ్యమైంది. అడిగినవారు ఎన్నికైనవారు కావడం కూడా ఒక కారణమే. మాట తప్పితే మరుసటి ఎన్నికలో లెక్క అడగవచ్చు గదా.

మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997 జనవరిలో మొదలైన జన్మభూమి కార్యక్రమం కూడా ఈ దారిలోనే నడిచింది. ఊళ్లో పనికి ఊరివారి వాటా ఉండాలి, అది డబ్బు కావచ్చు, శ్రమ కావచ్చు, సామగ్రి కావచ్చు అన్నారు. ఎన్నో గ్రామాల్లో సిమెంటు వీధులు ఆ విధంగా వచ్చాయి. లోపం లేకపోలేదు. వాటా కట్టగలిగిన వీధికి రోడ్డు ముందు వచ్చింది, కట్టలేని వాడకు ఆలస్యమైంది. ఊరివాటా పేర కాంట్రాక్టరు తానే డబ్బు కట్టి పని పుచ్చుకున్నాడన్న ఆరోపణలూ ఆ రోజుల్లో వినవచ్చాయి.

కంపెనీ ఊళ్ల కథ వేరొకచోట ఎలా ముగిసిందో కూడా చూడవచ్చు. అమెరికాలో చికాగో పక్కన రైలు పెట్టెల తయారీదారు జార్జి పుల్‌మన్ 1880లలో తన కార్మికుల కోసం ఒక చక్కని పట్టణం కట్టాడు. రోడ్లు, తోటలు, దీపాలు అన్నీ ఉన్నాయి. ఇల్లు మాత్రం ఎవరికీ సొంతం కాదు. 1893 మాంద్యంలో ఆయన కూలి తగ్గించాడు గాని ఇంటి అద్దె తగ్గించలేదు. మరుసటి ఏడు జరిగిన సమ్మె అమెరికా రైళ్లను స్తంభింపజేసింది. 1898లో ఇలినాయి సుప్రీంకోర్టు, వ్యాపారం కోసం పుట్టిన కంపెనీకి ఊరిని ఏలే హక్కు లేదంటూ ఇళ్లు అమ్మివేయమన్నది. జంషెడ్‌పూర్‌ను పుల్‌మన్‌తో పోల్చడం అన్యాయం; టాటాల ఊరు నూరేళ్లు దాటి నిలిచింది, పుల్‌మన్ ఊరు ఇరవయ్యేళ్లు నిలవలేదు. అయినా రెండు చోట్లా ఊరివారి రోడ్డు బాగోగులు ఒక సరుకు అమ్మకాలకు ముడిపడి ఉన్నాయి. విశాఖ ఉక్కునగరంలో కాపురమున్న తెలుగు కుటుంబాలకు దీని అర్థం విప్పి చెప్పనక్కరలేదు. కర్మాగారం నష్టాల వార్త వచ్చిన ప్రతిసారీ, జీతం తరువాత వారికి కలిగే రెండవ చింత క్వార్టర్ల గురించే.

చెత్తలోంచి రోడ్డు

ఖర్చు ఎవరు భరించాలన్న తగవు తెగకపోయినా, ఖర్చును తగ్గించే దారి ఒకటి ఈ ఊళ్లో తొక్కి చూశారు. మధురైలోని త్యాగరాజర్ ఇంజనీరింగ్ కళాశాల ఆచార్యుడు రాజగోపాలన్ వాసుదేవన్ పారవేసిన ప్లాస్టిక్ సంచులతో రోడ్డు వేసే పద్ధతి కనిపెట్టాడు. సంచులను తుంపులుగా కత్తిరించి, వేడెక్కిన కంకర మీద చల్లితే కరిగి పొరలా అంటుకుంటుంది. ఆ తరువాత తారు కలుపుతారు. తారు బరువులో నూటికి 6 నుంచి 8 వంతుల వరకు ప్లాస్టిక్ వాడవచ్చునని భారత రహదారుల కాంగ్రెసు 2013లో మార్గదర్శకాలు వెలువరించింది. అంత మేరకు తారు ఆదా. అంతకంటె ముఖ్యం, కంకరకు నీరు అంటదు. టెంపుల్ భయపడిన శత్రువే గదా నీరు! వాసుదేవన్‌కు 2018లో పద్మశ్రీ లభించింది. జంషెడ్‌పూర్‌లో జస్కో ఈ పద్ధతిని 2010 దశకంలోనే చేపట్టి అనేక వీధులకు వాడింది. ఒక ఎన్నికైన మండలి దగ్గర ఇలాంటి కొత్త పద్ధతికి అనుమతి రావడానికి ఎన్ని ఫైళ్లు కదలాలో ఊహించుకోవచ్చు. కంపెనీ ఇంజనీరు ఒక వీధిలో వేసి చూసి, నిలిస్తే మరో వీధిలో వేశాడు. ఒకే పెత్తనంలో ఉన్న సదుపాయం అది.

ఆ రోడ్లలో ఎన్ని బస్తీల లోపలికి వెళ్లాయన్నది వేరే ప్రశ్న. బస్తీలో వీధి వెడల్పు కొన్నిచోట్ల రెండు సైకిళ్లు పక్కపక్కన పోవడానికే చాలదు. రోడ్డు రోలరు రావాలంటే ఎవరిదో గోడ వెనక్కి జరగాలి. పట్టా ఉన్నవాడికైతే నష్టపరిహారం అడిగే దారి ఉంది. పట్టా లేనివాడు తన గోడను తానే కూల్చుకొని రోడ్డుకు చోటివ్వాలి. ఇది కూడా వీధి అభివృద్ధికి పౌరుడు చెల్లించే మూల్యమే, ఏ బడ్జెటులోనూ కనబడకపోయినా.

ఇంటిపన్ను రశీదు నేల మీద హక్కుకు రుజువు కాదని మన న్యాయస్థానాలు పలుమార్లు స్పష్టం చేశాయి. అయినా పట్టా లేని బస్తీల్లో, అది జంషెడ్‌పూర్ అయినా మన విశాఖ కొండవాలు అయినా, పన్ను వేయడానికి గుమాస్తా వస్తే జనం విసుక్కోరు. ఇంటికి నంబరు వేయమంటారు, పేరు సరిగా వ్రాసుకోమంటారు, రశీదు చేతికి రాగానే రేషను కార్డుతో, కరెంటు బిల్లుతో కలిపి పెట్టె అడుగున దాచుకుంటారు.